ముందు మీ సరుకుల చీటీ చూపించండి

ప్రతి సెమిస్టర్ మొదటి వారంలో మన హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా వస్తుంది. "గయ్స్, చెన్నైలో బెస్ట్ పెద్ద గ్రోసరీ స్టోర్ ఏది? నెలకు సరిపడా సామాన్లు కొనాలి." వెంటనే ఇరవై జవాబులు. ఒకడు డీమార్ట్ అంటాడు. ఒకడు టి.నగర్ సరవణ స్టోర్స్ అంటాడు. ఇంకొకడు మాల్‌లో ఉండే హైపర్ మార్కెట్ అంటాడు, వాడికి సరుకుల కన్నా ఏసీ ముఖ్యం. అసలు బయటికి పోవడం దేనికి, పది నిమిషాల్లో తెచ్చే యాప్ ఉంది కదా అని ఇంకొకడు. గంట సేపు గొడవ పడి, ఆఖరికి అందరూ కాలేజీ గేటు ఎదురుగా ఉన్న కొట్లోనే మ్యాగీ కొనుక్కుంటారు.

నేను కూడా ఈ గొడవలో హుషారుగా దిగేవాణ్ణే. పోయిన దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇదే ప్రశ్న మా నాయన అడిగాడు. ఆయన అడిగింది మ్యాగీ కోసం కాదు.

మాది సత్యవేడు. నాయనకు ఒక చిన్న అంగడి ఉంది. మీలో కోస్తా వాళ్లు కొట్టు అంటారు, తెలంగాణ వాళ్లు దుకాణం అంటారు, మాకు మాత్రం అంగడే. బియ్యం, బేడలు, నూనె, సబ్బులు, టెంకాయలు, అన్నీ ఒకే గదిలో. ముందర చెక్క బల్ల, దాని మీద త్రాసు, పక్కన గల్లాపెట్టె, దాని వెనక నాయన. కొనేవాళ్లు బల్లకు అవతల నిలబడి అడగాలి, నాయన లోపలి నుంచి తీసి ఇవ్వాలి. తాత కాలం నుంచీ అదే పద్ధతి.

ఆ సెలవుల్లో ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. మెయిన్ రోడ్డులో కడుతున్న రెండంతస్తుల బిల్డింగులోకి పెద్ద సూపర్ మార్కెట్ వస్తుందట. ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు, వస్తుందని మాత్రం అందరూ గట్టిగా చెప్తున్నారు. రాత్రి అంగడి మూసి అన్నం తిన్నాక నాయన అన్నాడు.

"నువ్వు మద్రాసులో ఉండావు కదా. ఆడ ఉండే పెద్ద అంగళ్లలో అన్నిటికన్నా మంచిది యాదో చూసి చెప్పు. మనం దాంతో తూగతామా లేదా తేల్చుకోవాల. తూగతామంటే పక్క రూము కూడా బాడుగకు తీసుకుంటా. లేదంటే సరుకంతా అమ్మేసి శ్రీసిటీలో సెక్యూరిటీ పనికి పోతా."

చివరి మాట నవ్వుతానే అన్నాడు. అమ్మ నవ్వలేదు.

నేను సీఎస్ఈ స్టూడెంట్‌ని. ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర రెడీగా జవాబు ఉంటుంది అనుకున్నా. ఎక్సెల్ షీట్ తెరవడం, ధరకు ఇన్ని మార్కులు, రకాలకు ఇన్ని, దూరానికి ఇన్ని, క్యూలో పట్టే టైముకు ఇన్ని అని వెయిటేజీ ఇవ్వడం, కూడడం. ఎక్కువ మార్కులు వచ్చిందే బెస్ట్. నాలుగు రకాల షాపులు ఎంచుకున్నా. ఊరి చివర ఉండే డిస్కౌంట్ చెయిన్ ఒకటి, టి.నగర్ వైపు అంతస్తుల మీద అంతస్తులుండే స్టోర్ ఒకటి, మాల్‌లో హైపర్ మార్కెట్ ఒకటి, కాలనీ మధ్యలో ఉండే డిపార్ట్‌మెంటల్ స్టోర్ ఒకటి. మూడు ఆదివారాలు తిరిగాను. ఒకచోట సెక్యూరిటీ అన్న ఫోటోలు తీయొద్దన్నాడు, అక్కడ నోటుబుక్కులో రాసుకున్నా. ఇక్కడ వాటి పేర్లు రాయను. నేను చూసిన ధరలు ఆ మూడు ఆదివారాలవి, మీరు పోయేసరికి అన్నీ మారిపోయి ఉంటాయి.

మొదటి దెబ్బ ధరల దగ్గర తగల్లేదు. పేర్ల దగ్గర తగిలింది. నాయన అప్పు పుస్తకంలో నుంచి ఒక ఇంటి నెల చీటీని ఫోటో తీసుకొచ్చా. 31 ఐటమ్స్. వాటిని స్టోర్ల లిస్టుతో కలపడానికి చిన్న ప్రోగ్రాం రాశాను. 12 కలవలేదు. చీటీలో ఉద్దిబేడలు అని ఉంటుంది, స్టోర్ యాప్‌లో తెలుగు పెడితే మినపప్పు అని వస్తుంది. ఎర్రగడ్డలు ఉల్లిపాయలు అయ్యాయి, తెల్లగడ్డలు వెల్లుల్లి అయ్యాయి, ఉర్లగడ్డలు బంగాళాదుంపలు, చెనిక్కాయలు వేరుశనగలు, బొరుగులు మరమరాలు. చెన్నైలో అరల మీద తమిళంలో, ఇంగ్లీషులో రాసుంటుంది. ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం చదివిన నేను, అంగడి వాడి కొడుకుని, రెండు రకాల బేడలు చేతిలో పట్టుకొని అమ్మకు వీడియో కాల్ చేశాను. "ఎడమ చేతిలో ఉండేది రా, తెల్లగా ఉండేది" అంది అమ్మ. పక్కన నిలబడి ఉన్న ఒక తమిళ పెద్దావిడ నవ్వింది. "ఉళుందు" అంది నాకు అర్థమయ్యేలా. మా ఉద్దికి, ఆమె ఉళుందుకు ఉన్న దగ్గరితనం యాప్‌లో ఉన్న మినుముకు లేదు అనిపించింది.

అనిపించడంలో వింత కూడా లేదు. సత్యవేడు వాళ్లకు సరుకులంటే మద్రాసే. మ్యాపు చూడండి, మాకు తిరుపతి కన్నా చెన్నై దగ్గర. ఊత్తుకోట దగ్గర గట్టు దాటితే తమిళనాడు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మార్చేదాకా మా ప్రాంతం చెంగల్పట్టు జిల్లాలోనే ఉండేది. ఆ మార్పులో తిరుత్తణి అటు పోయింది, మేం ఇటు వచ్చాం. చిత్తూరు జిల్లాలో కలిశాం, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా అయ్యాం. జిల్లాలు మారినా సరుకు లారీ దారి మారలేదు.

మద్రాసులో మంచి పెద్ద అంగడి కోసం వెతకడం కూడా మనతో మొదలవలేదు. 1904లో ట్రిప్లికేన్‌లో చదువుకున్న ఉద్యోగులు కొందరు కలిసి ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ పెట్టుకున్నారు. సరైన తూకం, కల్తీ లేని సరుకు, న్యాయమైన ధర కావాలంటే అంగడి మనదే అయ్యుండాలి అని వాళ్ల లెక్క. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో పనివాళ్లు పెట్టుకున్న సహకార అంగడి లాంటిదే ఇది. ఇక కూరగాయలకు జార్జిటౌన్‌లో కొత్వాల్ చావడి. ఆ మార్కెట్ స్థలం మన తెలుగు వైశ్యుల శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది. అక్కడ ఇరుకైపోయి 1996లో హోల్‌సేల్ వ్యాపారాన్ని కోయంబేడుకు మార్చారు. సుమారు 295 ఎకరాలు, మూడు వేలకు పైగా షాపులు. మా తాత కొత్వాల్ చావడి మనిషి, నాయన కోయంబేడు మనిషి. నేను ట్రాలీ తోసే మనిషిని.

సరే, రిజల్ట్స్.

మొదటి చీటీ మా రూముది. నలుగురం. నూడుల్స్, ఓట్స్, బిస్కెట్లు, సబ్బులు, షాంపూ, సర్ఫు, ఇలా 22 ఐటమ్స్. ఎమ్మార్పీ ప్రకారం 1,840 రూపాయలు. ఊరి చివర డిస్కౌంట్ స్టోర్‌లో 1,560. మిగిలింది 280. నలుగురికీ పోనూ రానూ బస్సు 160. అంటే నికరంగా 120, ఒక్కొక్కరికి ముప్పై రూపాయలు. ఇంతవరకు గెలుపే. కాకపోతే మేము నిజంగా కట్టిన బిల్లు 2,310. చీటీలో లేనివి 750 రూపాయలకు ట్రాలీలోకి ఎప్పుడు ఎక్కాయో నలుగురికీ గుర్తులేదు. పాలు, పెరుగు ఎప్పుడూ స్టోర్ చివర్లో ఎందుకుంటాయో, చాక్లెట్లు బిల్లింగ్ దగ్గర ఎందుకుంటాయో ఆ రోజు బాగా అర్థమైంది. ఆ చాక్లెట్ రేపర్ వెనక తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో శ్రీసిటీ అని ఉంది. మా ఇంటికి దగ్గర్లో తయారైన దాన్ని కొనడానికి నేను చెన్నై వచ్చాను.

రెండో చీటీ నాయన పుస్తకంలో ఉన్నది. శ్రీసిటీలో పనిచేసే ఒక కుటుంబానిది, నెల జీతం వాళ్లది. అది సుమారు 5,200 అయ్యేది చెన్నైలో 4,600 అయింది. ఆరు వందలు చిన్న మాట కాదు. బస్సు చార్జీలు, మూటలు మోసే తంటా, ఒక రోజంతా పోవడం తీసేసినా మూడు నాలుగు వందలు మిగులుతాయి. అదే స్టోర్ మా మెయిన్ రోడ్డులోకి వస్తే ఆరు వందలూ మిగులుతాయి. దీంట్లో నాయన ఓడిపోయాడు. ఏ వెయిటేజీ మార్చినా ఓడిపోతాడు.

పెద్ద అంగడి ఎందుకు చవకో తెలుసుకుంటే కోపం కొంచెం తగ్గుతుంది. డీమార్ట్‌నే తీసుకోండి. 2002లో ముంబై పవాయిలో మొదటి స్టోర్ తెరిచారు. వాళ్లు చాలా స్టోర్లకు బాడుగ కట్టరు, బిల్డింగులు సొంతంగా కొనుక్కుంటారు. సరుకు ఇచ్చిన కంపెనీలకు డబ్బు త్వరగా కడతారు, అందుకు బదులుగా ధర తగ్గించుకుంటారు. ఖరీదైన సెంటర్లలో కాకుండా శివార్లలో పెడతారు, అలంకారాల మీద పెద్దగా ఖర్చు పెట్టరు. మంత్రం ఏమీ లేదు. నాయన పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. బాడుగ కడతాడు, ఏజెన్సీ వాళ్లకు వారం వారం వాయిదాలు చెప్తాడు, కేజీ చక్కెర అమ్మితే రూపాయో రెండో మిగుల్తుంది. ఆ లోటును ఆయన పూడ్చుకునే పద్ధతుల్లో ఒకటి కూల్ డ్రింక్ మీద రెండు రూపాయలు "కూలింగ్" అని వేయడం. ఎమ్మార్పీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా చట్టప్రకారం తప్పే. ఇది రాశానని తెలిస్తే తిడతాడు, అయినా రాస్తున్నా.

ఇంకో చిన్న విషయం, హాస్టల్ వాళ్లకు పనికొచ్చేది. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోకండి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ దగ్గరే గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో యూనిట్ సేల్ ప్రైస్ అని చిన్నగా రాసి ఉంటుంది. నేను చూసిన కొన్ని షాంపూల్లో సాషే లెక్క బాటిల్ లెక్క కన్నా చవకగా పడింది. స్టోర్ పేరు కన్నా ఆ చిన్న అక్షరాలు చదవడం వల్ల ఎక్కువ మిగిలింది నాకు.

ఇక మూడో చీటీ. ఇది చీటీ కూడా కాదు, నోటి మాట. మా వీధి చివర ఒక అవ్వ పొద్దున పూట ఇడ్లీలు పోసి అమ్ముతుంది. సాయంత్రం ఆరింటికి అంగడికి వస్తుంది. ముప్పావు కేజీ ఉద్దిబేడలు, రెండు పళ్ల బియ్యం, పది రూపాయల చింతపండు, ఐదు రూపాయల ఆవాలు. డబ్బులు అప్పుడు ఇవ్వదు. పొద్దున ఇడ్లీలు అమ్ముడుపోయాక పదింటికి వచ్చి ఇస్తుంది. మళ్లీ సాయంత్రం సరుకు. ఏళ్లుగా ఇదే చక్రం.

ఈ చీటీని నా ఎక్సెల్‌లో పెట్టాను. నాలుగు స్టోర్లకూ సున్నా వచ్చింది. తక్కువ మార్కులు కాదు, సున్నా. ఐదు రూపాయల ఆవాలు ఎక్కడా లేవు. ప్యాకెట్ అర కేజీ లేదా కేజీ, ముప్పావు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, సాయంత్రం ఆరు నుంచి పొద్దున పది వరకు పదహారు గంటల అప్పు ఏ బిల్లింగ్ కౌంటర్‌లోనూ లేదు. కేజీకి పది రూపాయలు తక్కువకు ఇచ్చే అంగడి ఆమెకు చవక అంగడి కాదు. ఆ సాయంత్రం ఆమె చేతిలో డబ్బే లేదు కాబట్టి అది ఆమెకు మూసి ఉన్న అంగడి.

అప్పుడు నాకు కంప్యూటర్ ఆర్గనైజేషన్ క్లాసు గుర్తొచ్చింది. క్యాష్ మెమరీ చిన్నది, బైటుకు లెక్కేస్తే ఖరీదు. హార్డ్ డిస్కు పెద్దది, చవక. అలాగని క్యాష్ తీసేసి డిస్కు ఒక్కటి పెట్టుకుందామని ఎవరూ అనరు. క్యాష్ దగ్గరగా ఉంటుంది, ఇప్పుడే కావలసింది ఇప్పుడే ఇస్తుంది. నాయన అంగడి క్యాష్. బాగుంది కదా ఈ పోలిక? నాకూ చాలా నచ్చింది. దీన్ని నాయనకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించా.

ఇంకో బలమైన పాయింట్ కూడా దొరికింది. 1997లో మద్రాసులోనే సుభిక్ష అని ఒక చెయిన్ మొదలైంది. చవక ధరలు, గల్లీ గల్లీకీ ఒక షాపు. దేశమంతా పదహారు వందల దాకా పెరిగి, చేతిలో డబ్బు ఆడక 2009 మొదట్లో మూతపడింది. దాన్నే నమ్ముకున్న వీధులు మళ్లీ పాత అంగడికే పోయాయి. 2020లో నేనే చూశాను. కరోనా కేసులు ఎక్కువై మే 5 నుంచి కోయంబేడు మూసేశారు. మా అంగట్లో టమోటా బుట్టలు ఖాళీ. నాయన మోటార్ సైకిల్ మీద చుట్టుపక్కల రైతుల దగ్గరికి పోయి వంకాయలు, ఆకుకూరలు తెచ్చి అమ్మాడు. అంతా ఒక్కచోటే పెట్టుకుంటే ఆ ఒక్కటి పడిపోయినప్పుడు ఏమవుతుందో మనం నెట్‌వర్క్స్‌లో చదువుతాం. ఆయన ఆ నెలంతా చేసి చూపించాడు.

కాబట్టి నా ఆర్టికల్ ఇక్కడ అయిపోవాలి. పెద్ద అంగడికి మనసు లేదు, చిన్న అంగడికి మనసు ఉంది, కిరాణా కొట్టును కాపాడుకుందాం, జై హింద్. ఇలాంటివి మన మ్యాగజైన్‌లోనే రెండు వచ్చాయి, చదివాం, లైకులు కొట్టాం.

నా స్కూల్ ఫ్రెండ్ ఒకడు ఉన్నాడు, వాడివల్ల అది కుదరలేదు. వాళ్లది మా ఊరి ఎస్సీ కాలనీ. పదో తరగతి వరకు ఒకే బెంచీ. ఇప్పుడు వాడు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. సంతోషంగా నా ఎక్సెల్ షీట్ వాడికి చూపించి, క్యాష్ మెమరీ కథ చెప్పాను. వాడు అంతా విని అన్నాడు.

"సూపర్ మార్కెట్ వస్తే నేను ఆడికే పోతా రా. ధర ఎక్కువున్నా పోతా."

ఎందుకు అన్నా.

"మీ అంగట్లో నేను చిన్నప్పట్నుంచీ బల్లకు ఇవతలే నిలబడినా. మీ నాయన నన్ను ఒక్క మాట అన్లేదు, అది నిజమే. వేరేవాళ్లు వస్తే వాళ్లకు ముందు కట్టి, తర్వాత నాకు ఇచ్చినాడు. మీ మామ వాళ్లు లోపలికి పోయి కూర్చొని మాట్లాడతారు కదా, నన్ను ఎప్పుడైనా లోపలికి రమ్మన్నాడా? మద్రాసులో స్టోర్‌కు పోతే ఎవ్వురూ ఎవ్వురి కొడుకువి అని అడగరు. బుట్ట పట్టుకుంటా, చూస్తా, వొద్దంటే ఆడనే పెట్టేస్తా. లైన్‌లో నా ముందర ఎవుడూ దూరడు."

నాకు జవాబు రాలేదు. పదేళ్లు ఆ అంగట్లోనే ఆడుకున్నా, గల్లాపెట్టె పక్కన కూర్చొని హోంవర్క్ చేసుకున్నా. వాడు బయటే ఎందుకు నిలబడతాడని ఒక్కసారి కూడా నాకు తోచలేదు. నా ఎక్సెల్‌లో ధర, దూరం, రకాలు, క్యూ టైము అని కాలమ్స్ ఉన్నాయి. "లోపలికి రావచ్చా?" అనే కాలమ్ లేదు. దాని అవసరం నాకెప్పుడూ రాలేదు, అందుకే లేదు.

తర్వాత చదివితే తెలిసింది. ఎవరికి కావలసింది వాళ్లే అర మీద నుంచి తీసుకునే పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి పిగ్లీ విగ్లీ అనే అంగడిలో పెట్టాడట. అంతకుముందు అక్కడా మా నాయన పద్ధతే. బల్లకు అవతల మనిషి, ఇవతల మనిషి. సాండర్స్ ఏమీ సంస్కర్త కాదు, గుమాస్తాల ఖర్చు తగ్గించుకోవాలనుకున్నాడు. ఉద్దేశం ఏదైనా బల్ల పోయింది. వందేళ్ల తర్వాత ఆ బల్ల లేకపోవడమే నా ఫ్రెండ్‌కు ఆరు వందల రూపాయల తగ్గింపు కన్నా విలువైంది. ఖరీదైన మాల్స్ గేటు దగ్గర మనల్ని పైకీ కిందికీ చూసే చూపులు కూడా ఉన్నాయి, తెలుసు. కానీ లోపలికి పోయాక ట్రాలీ అందరికీ ఒకటే.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను. మంచి అంగడికి రెండే పరీక్షలు. ఒకటి, ఎవరైనా లోపలికి వచ్చి, చేత్తో పట్టుకొని చూసి, ధర చదివి, ఎవరికీ ఏ సంజాయిషీ చెప్పకుండా ఖాళీ చేతులతో బయటికి పోగలగాలి. రెండు, చేతిలో ఎంత ఉంటే అంతకు, కొన్నిసార్లు ఏమీ లేకపోయినా, ఆ పూటకు కావలసింది దొరకాలి. చెన్నైలో నేను తిరిగిన పెద్ద అంగళ్లు మొదటి పరీక్ష పాసయ్యాయి, రెండోది రాయనే లేదు. మా నాయన అంగడి రెండోదాంట్లో ఫస్ట్ క్లాస్, మొదటిదాంట్లో ఫెయిల్. ట్రిప్లికేన్ సొసైటీ వాళ్లు 1904లో అనుకున్నట్టు అంగడి కొనేవాళ్లదిగా ఉండాలంటే రెండూ కావాలి. ధర ఆ రెండింటి తర్వాత వచ్చే మాట. చిన్న అంగళ్లను కాపాడాలి అని స్టేటస్ పెట్టే మనం, ఆ అంగడి ఎవరిని బయట నిలబెడుతోందో కూడా చూడాలి. పెద్ద స్టోర్‌కు పోయేవాళ్లంతా డబ్బు పొగరుతో పోవడం లేదు. కొందరు బల్ల దాటడానికి పోతున్నారు.

ఇదంతా నాయనకు ఫోన్‌లో చెప్పలేకపోయా. శనివారం బస్సెక్కి ఊరికి పోయా. ముందు చీటీల లెక్క చెప్పా. నెల జీతాల వాళ్లు పోతారు, ఆపలేం, పక్క రూము తీసుకోవద్దు అన్నా. ఇడ్లీ అవ్వ లాంటివాళ్లు పోరు అన్నా. ఆయన తలాడించాడు, ఇదంతా ఆయనకు ముందే తెలుసు. తర్వాత నా ఫ్రెండ్ అన్న మాటలు చెప్పా. పేరు చెప్పలేదు. నాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. త్రాసు పళ్లెం తుడుస్తా కూర్చున్నాడు.

"నేను ఎవుర్నీ రావొద్దన్లేదే" అన్నాడు చివరికి.

"రమ్మని కూడా అన్లేదు కదా నాయనా" అన్నా.

అమ్మ లోపల నుంచి "వాడు చెప్పేది నిజమే" అంది. ఇంక ఆ రాత్రి ఆ మాట ఎత్తలేదు. పొద్దున లేచి చూస్తే నాయన అంగడి ముందర నిలబడి జానతో బల్ల పొడుగు కొలుస్తా ఉన్నాడు.

పెద్ద మార్పులేమీ చేయలేదు, డబ్బూ లేదు. బల్లను గోడ పక్కకు జరిపాం, మనిషి లోపలికి నడిచేంత దారి వచ్చింది. పాత ఇనుప ర్యాకులు రెండు కొని సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు అందేలా పెట్టాం. బేడల డబ్బాల మీద ధరలు రాసి అట్టముక్కలు అంటించాం. రాసింది నేనే, తెలుగులో, పక్కన తమిళంలో. తమిళం అమ్మ చెప్పింది. "మినపప్పు" అని రాయబోతే నాయన కొట్టేయించి "ఉద్దిబేడలు" అని రాయించాడు. కూలింగ్ రెండు రూపాయల గురించి మాత్రం ఇంకా చర్చలు జరుగుతున్నాయి.

ఇడ్లీ అవ్వ మొదటి రోజు లోపలికి రాలేదు. "నాకెందుకప్పా, నువ్వే కట్టియ్యి" అని బయటే నిలబడింది. ఒక సాయంత్రంలో మారేది కాదని అర్థమైంది. సూపర్ మార్కెట్ బిల్డింగుకు షట్టర్లు బిగించారు, బోర్డు ఇంకా పెట్టలేదు. మేము తూగుతామా లేదా అన్నది ఆ బోర్డు లేచాక తెలుస్తుంది.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు నేను గల్లాపెట్టె దగ్గర ఉన్నా. నా ఫ్రెండ్ వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, లోపలికి వచ్చాడు. ర్యాకులో నుంచి షాంపూ బాటిల్ తీసి, వెనక తిప్పి, డేట్ చూసి, ధర చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టేశాడు. "సరే రా, వస్తా" అని వెళ్లిపోయాడు. ఏమీ కొనలేదు. నాయన బియ్యం బస్తా కుడుతూ అంతా చూశాడు, ఏమీ అనలేదు.

వచ్చే సెమిస్టర్‌లో గ్రూపులో ఎవరో మళ్లీ అడుగుతారు, చెన్నైలో బెస్ట్ స్టోర్ ఏది అని. నేను జవాబు చెప్తాను. ముందు మీ చీటీ పంపండి. దాంతోపాటు, మీ ఊళ్లో మీ వీధి అంగడికి ఎవరెవరు లోపలికి పోతారు, ఎవరు బయట నిలబడతారు, అది కూడా ఒకసారి గుర్తుచేసుకొని రాయండి.